స్వాన్సీ రాగి కంపెనీల పాత లెడ్జర్లు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

1800ల నాటి రాగి కంపెనీ లెడ్జర్ స్కాన్లు ముందేసుకుని కూర్చున్నాను, ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియట్లేదు అన్నారు కదా. నేను వేల్స్‌లోని స్వాన్సీలో మాస్టర్స్ చేసినప్పుడు డిసర్టేషన్ కోసం నాలుగు నెలలు ఇలాంటి పుస్తకాలతోనే కుస్తీ పట్టాను, కాబట్టి నా అనుభవం చెప్తా. లెడ్జర్ పక్కన పెట్టేయండి, ముందు తూకం సంగతి తేల్చుకోండి.

కాస్త వెనక కథ. స్వాన్సీలో చెప్పుకోదగ్గ రాగి గనులేం లేవు, ఉన్నది బొగ్గు. ఖనిజం కరిగించడానికి దానికి ఎన్నో రెట్లు బొగ్గు కావాలి, అందుకే బొగ్గు రాగి గని దగ్గరికి పోకుండా ఖనిజమే ఓడెక్కి బొగ్గు దగ్గరికొచ్చేది. మొదట పక్కనున్న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి, 1830ల నుంచి క్యూబా, చిలీల నుంచి కూడా. వివియన్ కుటుంబం 1810లో పెట్టిన హావొడ్ కార్ఖానా స్వాన్సీ రాగి కార్ఖానాల్లో బాగా పేరున్నది, వాళ్ళ కాగితాలు అబెరిస్ట్విత్‌లోని వేల్స్ నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి.

కార్న్‌వాల్ ఖనిజం అమ్మకం చీటీల మీద జరిగేది. ప్రతి కంపెనీ ఏజెంటు ముందే శాంపిల్ తెచ్చుకుని పరీక్ష చేయించుకుంటాడు, అమ్మకం రోజు అందరూ ఒకచోట కూర్చుని ఎవరికి వారు టన్నుకి తమ ధర చీటీ మీద రాసి ఇస్తారు, ఎక్కువ రాసినోడికి సరుకు. దీన్నే టికెటింగ్ అంటారు. మీ స్కాన్‌లో గని పేరు, టన్నులు, పక్కన 8¼ లాంటి చిన్న అంకె, తర్వాత ధర కనిపిస్తే ఆ చిన్న అంకె ఖనిజంలో రాగి శాతం. ఇంకో కాలమ్‌లో స్టాండర్డ్ అని పెద్ద అంకె ఉంటుంది, అది ఖనిజం ధర కాదు, లోపలున్న రాగికి టన్నుకి కట్టిన లెక్క, అందులోంచి కరిగింపు ఖర్చు కింద ఖనిజం టన్నుకి 2 పౌండ్ల 15 షిల్లింగులు తీసేశాకే గనివాడికి డబ్బు. ఈ రెండూ కలిపేసుకుంటే లెక్క ఏడు జన్మలకీ తేలదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. ఎక్సెల్‌లో అన్నీ ఎక్కించి, ఏడాది మొత్తం కొన్న ఖనిజంలో ఎంత రాగి ఉండాలి, అమ్మిన రాగి ఎంత అని చూస్తే అమ్మిందే ఎక్కువొచ్చింది. లేని రాగి ఎక్కణ్ణుంచి పుట్టింది? శాంపిల్ పరీక్షలో తక్కువ శాతం చూపించే అలవాటు ఆ రోజుల్లో ఉండేది, ఆ లాభం కరిగించేవాడికే, అది నాకు తెలుసు కాబట్టి అబ్బో పెద్ద దొంగతనం పట్టేశాననుకుని రెండు పేజీలు ఆవేశంగా రాసేశా కూడా.

ఆ వారం నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే ఆయన నవ్వి, "ఏంట్రా, అంత దూరం పోయి మన మిల్లు లెక్కలే చదువుతున్నావా? తేమ అని ఒకడు, తాలు అని ఒకడు, బస్తాకి ఇంత తరుగు తీయడం మనకి కొత్తా? ముందు కాటా ఎవరిదో చూడు" అన్నారు. మర్నాడు వెళ్ళి చూస్తే నిజంగానే కాటా దగ్గరే ఉంది చిక్కు. హండ్రెడ్‌వెయిట్ అని బ్రిటిష్ తూకం ఒకటుంది, పేరుకే వంద, ఉండేది 112 పౌన్లు (బరువు పౌన్లు, డబ్బు కాదు), అలాంటివి 20 కలిస్తే మామూలు టన్ను, 2240 పౌన్లు. కానీ కార్న్‌వాల్ రాగి ఖనిజానికి టన్ను అంటే 21 హండ్రెడ్‌వెయిట్లు, అంటే 2352 పౌన్లు. కాగితం మీద 100 టన్నులుంటే అసలు 105 అన్నమాట, నా దొంగ రాగిలో మొదటి 5 శాతం అక్కడే తేలిపోయింది. మిగిలిన కొంచెం మాత్రం శాంపిల్ పరీక్షదే. రెండు పేజీలూ కొట్టేశా. మనకీ ఇది కొత్తేం కాదు లెండి, మద్రాసు మణుగు 25 పౌన్లు, బెంగాల్ మణుగు 82 పైన.

తూకం తేలాక ఉత్తరాల పుస్తకాలు పట్టుకోండి, అసలు కథంతా అక్కడుంటుంది. రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం పెట్టి ప్రెస్సులో బిగిస్తే ఇంకు అంటుకుని కాపీ తయారవుతుంది, అక్షరాలు తిరగబడి పడతాయి కాబట్టి వెనకవైపు నుంచి చదవాలి. స్కాన్‌లో అద్దంలో చూసినట్టుంటే ఫొటో ఫ్లిప్ చేయండి, నేను మొదటి రోజు వెల్ష్ భాష అనుకున్నా. తారీఖు పక్కన అల్ట్ అని ఉంటే కిందటి నెల, ఇన్‌స్ట్ అంటే ఈ నెల. చేతిరాత అందకపోతే ద కేంబ్రియన్ అని 1804 నుంచి వచ్చిన స్వాన్సీ పేపరుంది, టికెటింగ్ ఫలితాలు అందులో అచ్చయ్యేవి, అంకెలు సరిచూసుకోవచ్చు.

ఇంకోటి, అమ్మకాల్లో జపాన్ కాపర్ అని కనిపిస్తే జపాన్ నుంచి తెప్పించిందనుకోకండి. అంతకుముందు డచ్చివాళ్ళు నిజం జపాన్ రాగి కడ్డీలు తెచ్చి మన కోరమండల్ తీరంలో అమ్మేవాళ్ళు, మనవాళ్ళకి ఆ వాటం అలవాటైంది. మన వైపు దేశాల్లో అమ్మడానికి వేల్స్‌లో పావు కిలో కూడా తూగని కడ్డీలు పోసి, గట్టిపడగానే వేడివేడిగా చన్నీళ్ళలో పడేసేవాళ్ళు, పైన ఎర్రటి రంగు రావడానికి. మీ స్కాన్‌లో ఆ పేరున్న పేజీ ఉంటే ఇక్కడ పెట్టండి, బరువుల కాలమ్ నేను చూసి చెప్తా.