పాపకు, ఆ కథనం మొదలుపెట్టే ముందు

బైరాగిపట్టెడ,
తిరుపతి.

పాపా,

మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేశాడు. నీకు ఇచ్చిన మొదటి పెద్ద స్టోరీ ఎన్నికల గురించంట, అందులోనూ ఒక అభ్యర్థి తరఫున సోషల్ మీడియాలో కొట్లాడే పిల్లల గురించంట. "మా పాప పేరుతో వస్తాది అన్నా" అని ఒకటే పాట. నాకూ సంతోషమే. మన ఇంటిపేరు మళ్ళీ బైలైన్‌లో చూడబోతున్నా. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ పెద్దమ్మ లేచి "బీపీ మాత్ర వేసుకున్నావా" అని అడిగింది. వేసుకున్నా. నా టెన్షన్ అంతా మీ వాళ్ళు ఆ స్టోరీకి అప్పుడే పెట్టేసిన పేరుతో. 'కీబోర్డు సైన్యం' అంట కదా! నువ్వు ఒక్కరితో కూడా మాట్లాడకముందే పేరు తయారైంది. ఇక నువ్వు ఏం తెచ్చినా ఆ పేరుకు సరిపడేదే వాడుకుంటారు, మిగిలింది పక్కన పడేస్తారు. నలభై ఏళ్ళు డెస్కుల చుట్టూ తిరిగినవాణ్ణి, నాకు తెలుసు.

తేలికైనవి ముందు చెప్పేస్తా. స్క్రీన్‌షాట్ తీసినప్పుడు తేదీ, టైము, లింకు కూడా దాచిపెట్టుకో, మర్నాటికి ఆ పోస్టు ఉండదు. నీ సొంత నంబరుతో ఎవరికీ ఫోన్ చేయొద్దు, వేరే సిమ్ తీసుకో. అభ్యర్థి వివరణ లేకుండా నీ కథనం కాపీ పంపొద్దు. రాత్రి పదకొండు దాటాక ఎవరి కామెంటుకూ జవాబు ఇవ్వొద్దు. ఆడపిల్ల పేరు కనిపిస్తే ఎట్లాంటి బూతులు వస్తాయో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ వచ్చినవాటిని నువ్వు ఒక్కదానివే కూర్చుని చదవొద్దు, ఎవరినైనా పక్కన పెట్టుకో.

ఇక అసలు సంగతి. అన్నం ఉడికిందా లేదా అని ఒక మెతుకు పట్టి చూస్తాం. మనుషుల గుంపు దగ్గర ఆ లెక్క పనికిరాదు. ఒక అభ్యర్థి ఫొటో డీపీగా పెట్టుకున్నవాళ్ళలో పార్టీ విభాగంలో జీతం తీసుకునేవాడు ఉంటాడు, ఏజెన్సీకి పనిచేసేవాడు ఉంటాడు, బీటెక్ అయ్యి ఉద్యోగం దొరక్క ఫోన్ పట్టుకున్నవాడు ఉంటాడు, కువైట్‌లో డ్యూటీ దిగి గదికొచ్చాక పోస్టు పెట్టేవాడు ఉంటాడు, వంట అయ్యాక ఊరి వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ కొట్టే ఆడమనిషి ఉంటుంది. మనుషులే లేని ఖాతాలూ ఉంటాయి. టీవీలో చూపించేది మాత్రం ఎప్పుడూ ఒక్కణ్ణే, అందరికంటే గట్టిగా తిట్టినవాణ్ణి. ఎందుకంటే వాడి ట్వీటు స్క్రీన్ మీద బాగా కనిపిస్తుంది. వినయంగా వాదించినవాడి ట్వీటు వేస్తే ఎవడు చూస్తాడు?

మన దగ్గర ఇంకో రోగం ఉంది. ఒక పక్షం కుర్రాళ్ళు 'పేటీఎం బ్యాచ్', ఇంకో పక్షం వాళ్ళు 'పచ్చ బ్యాచ్', మూడో పక్షం వాళ్ళు 'సినిమా ఫ్యాన్స్'. ఎవరిని ఏ పేరుతో పిలుస్తున్నారో వింటే చాలు, లోగో చూడకుండా ఆ ఛానల్ ఎవరిదో చెప్పేయొచ్చు. ఒకే రోజు రెండు వైపులా ఒకే రకం తిట్లు నడిస్తే ఒకరిది 'కార్యకర్తల ఆగ్రహం' అవుతుంది, రెండోవాళ్ళది 'ట్రోల్ మూకల దాడి' అవుతుంది. నీ కాపీ పూర్తయ్యాక ఒక పని చెయ్యి. పార్టీ పేరు తీసేసి ఎదుటి పార్టీ పేరు పెట్టి చదువు. అప్పుడు ఏ మాట గొంతులో అడ్డం పడుతుందో ఆ మాట కొట్టేయ్.

అమెరికాలో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి కావాలని 2016లో, 2020లో పోటీపడ్డ బెర్నీ శాండర్స్ ఉదాహరణ కూడా పెడతావంట. పెట్టు, కానీ సగం పెట్టొద్దు. 2015 అక్టోబర్‌లో 'ది అట్లాంటిక్' పత్రికలో 'బెర్నీ బ్రో' అనే మాట వచ్చినప్పుడు అది ఫేస్‌బుక్‌లో విసిగించేలా వాదించే ఒక తరహా కుర్రాడి గురించి. కొన్ని నెలల్లో అది ఆయన మద్దతుదారులందరికీ అంటుకుంది, ఆడవాళ్ళంటే పడని మగపిల్లల గుంపు అన్నట్టు. 2016 న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నిక ఎగ్జిట్ పోల్‌లో 30 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో 82 శాతం శాండర్స్‌కే వేశారు, అదీ ఎదుట హిల్లరీ క్లింటన్ ఉండగా. ఆ అమ్మాయిలు ఆ పేరులో ఎక్కడున్నారు? అట్లాగని బూతులు లేవని కాదు. 2020లో నెవాడాలో హోటల్ కార్మికుల యూనియన్‌ను నడిపే ఆడవాళ్ళకు ఆన్‌లైన్‌లో ఘోరమైన తిట్లు వచ్చాయి. ఆ ఫిబ్రవరిలోనే లాస్ వేగాస్ డిబేట్‌లో శాండర్స్‌ను దీని మీదే నిలదీశారు. తనను ట్విట్టర్‌లో అనుసరించే కోటికి పైగా జనంలో 99.9 శాతం మంది మర్యాదస్తులేనని, తిట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు తనవాళ్ళు కారని ఆయన చెప్పాడు. 82 శాతం సంగతీ రాయి, యూనియన్ ఆడవాళ్ళు పడిన మాటలూ రాయి. ఒకటి రాసి ఒకటి దాచావో, నీ చేత ఆ పని చేయించుకున్నవాడు ఎక్కడో నవ్వుకుంటాడు.

ఇప్పుడు మన ఊరి సంగతి. మీ నాయన నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

2008 ఆగస్టు 26న చిరంజీవి తిరుపతిలో ప్రజారాజ్యం పార్టీ ప్రకటించాడు. అవిలాల వైపు పొద్దున్నుంచే జనం. నేను అప్పుడు పనిచేసే పేపరు తరఫున అక్కడే ఉన్నా. సాయంత్రం బారికేడ్ దగ్గర ఒక కుర్రాడు కర్రల మీదికి ఎక్కి, రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి అరుస్తున్నాడు. నాకు పది గజాల దూరంలో. చొక్కా గుండీలు రెండు ఊడిపోయాయి, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. వాడు అరుస్తున్నది ఏమిటంటే, "ఎడం పక్క వదలండి, చంటిబిడ్డ ఉంది, ఎడం పక్క!" కింద ఒకామె బిడ్డను తలకంటే పైకి ఎత్తి పట్టుకుని ఉంది. జనం జరిగారు, ఆమె బయటికి వచ్చేసింది. మా ఫొటోగ్రాఫర్ ఇంకో మూల నుంచి క్లిక్‌మనిపించాడు. ఆ మూల నుంచి తీస్తే ఆమె ఫ్రేములో లేదు. కుర్రాడే ఉన్నాడు.

మర్నాడు జిల్లా పేజీలో మూడు కాలాల ఫొటో. కింద 'బారికేడ్లు ఎక్కి అభిమానుల వీరంగం'. ఆ లైను రాసిన సబ్ ఎడిటర్ చెడ్డవాడు కాదు, ఎవరినీ ఒక మాట అనని మనిషి. వేరే ఊరి ఎడిషన్ నుంచి కొత్తగా వచ్చాడు, ఆ రోజు డెస్కు వదిలి కదల్లేదు, పేజీ టైము మించిపోతోంది. నేను వెళ్ళి అడిగితే తెల్లబోయి చూశాడు. "అభిమానులంటే అంతే కదా సార్" అన్నాడు. ఫొటోలో నోరు తెరిచి ఉంది, మిగతాది ఆయన తలలో ముందే ఉంది.

ఆ పిల్లోడు చంద్రగిరి వైపు ఒక పల్లెటూరివాడు, మెడికల్ షాపులో పని. అభిమాన సంఘం తరఫున రక్తదానం క్యాంపులు పెట్టేవాడు. ఆ వారంలోనే పెళ్ళిచూపులు. ఆడపిల్ల మేనమామ పేపరు మడిచి చేత్తో పట్టుకుని వాళ్ళింటికి వచ్చాడంట. సంబంధం తప్పిపోయింది. వాడు మా ఆఫీసుకు వచ్చాడు. గొడవ చేయలేదు, సవరణ వేయమని కూడా అడగలేదు. పేపరు టేబుల్ మీద పరిచి, "నోరు తెరిచినట్టు మీకు కనపడింది గదా సార్, ఏం అరస్తా ఉండానో ఎవురన్నా అడిగినారా?" అన్నాడు. మా ఇన్‌చార్జి సవరణ వేయలేదు. వేస్తే మనం తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టు అవుతుందంట.

స్క్రీన్‌షాట్‌లో కూడా అంతే పాపా. ముందున్న పది మెసేజ్‌లు ఉండవు. వాడిని ఎవడు ఏమన్నాడో ఉండదు. కిందికి జరిపి చూడు, పైకి జరిపి చూడు, ఆ తర్వాత ఆ మనిషికి ఫోన్ చెయ్యి. తియ్యకపోతే మళ్ళీ చెయ్యి. నీకు తొందర ఎక్కువ. రెండో తరగతిలో పేపరు ముందేసుకుని హెడ్డింగుల్లో తప్పులన్నీ ఎర్ర పెన్నుతో చుట్టేదానివి, చుట్టాకే చదివేదానివి. మేమంతా నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వను.

జనాన్ని మనవాళ్ళు తక్కువ చేసి మాట్లాడడం 2008లో మొదలైంది కాదు. ఎన్టీఆర్ 1982లో పార్టీ పెట్టినప్పుడు, హీరోను చూడడానికి వస్తారు గానీ ఓటు వేయరని టీ కొట్లలో పెద్దమనుషులు నా ఎదుటే అన్నారు. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు, మన తిరుపతిలోనూ గెలిచాడు. 2009లో చిరంజీవి పార్టీకి 18 సీట్లే వచ్చాయి, ఆయన తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడాడు. 'చూశారా, ఫ్యాన్స్ ఓటర్లు కారు' అన్నారు. 2019లో పవన్ కల్యాణ్ గాజువాకలోనూ భీమవరంలోనూ ఓడితే అదే మాట మళ్ళీ. 2024లో జనసేన పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లూ గెలిచింది, అందులో తిరుపతి కూడా ఉంది. ఆ కుర్రాళ్ళు వాళ్ళే, ఆ పోస్టులు అవే. పొత్తు లెక్క ఏమిటో రాయకుండా, నిన్న 'అల్లరి మూక' అన్నవాళ్ళను ఇవాళ 'యువశక్తి' అనేశారు. ఆ అభ్యర్థి గెలుస్తాడా ఓడతాడా అన్నది చూసి ఆ పిల్లలకు నువ్వు పేరు పెట్టొద్దు.

నా అసలు భయం ఇంకా చెప్పలేదు. నువ్వు ఒకడి పేరు, ఊరు, ఖాతా పేజీలో వేస్తావు. రెండు రోజుల్లో వాడింటికి పోలీసులు వస్తారు. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులకు వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది, అయినా పోస్టుల మీద కేసులు ఆగలేదు, వేరే సెక్షన్లు దొరుకుతాయి. మన రాష్ట్రంలో అధికారం మారినప్పుడల్లా నోటీసులు అందుకునేవాళ్ళు మారతారంతే. విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే 41ఏ నోటీసు అంటారే, కొత్త చట్టంలో 35వ సెక్షన్, అది చేత్తో పట్టుకుని స్టేషన్ మెట్ల మీద కూర్చున్న తల్లులను నేను చూశాను. బెదిరించినవాడు, ఆడవాళ్ళ ఫొటోలు మార్ఫింగ్ చేసినవాడు ఉంటే పేరుతో రాయి, వెనక్కి తగ్గొద్దు. పందొమ్మిదేళ్ళ పిల్లోడు వెటకారంగా రాసిన ఒక లైనుకు మాత్రం వాడి మొహం చూపించాల్సిన పని లేదు. అడిగితే 'ఎడిటోరియల్ డెసిషన్' అని చెప్పు, మీ వాళ్ళకు ఇంగ్లీషులో చెబితేనే వింటారు.

ఆ మెడికల్ షాపు కుర్రాడికి ఇప్పుడు నలభై దాటాయి. తర్వాత మదనపల్లె సంబంధం కుదిరింది, ఇద్దరు పిల్లలు, సొంత షాపు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఒక అభ్యర్థికి వాట్సాప్ గ్రూపులు నడుపుతున్నాడు, ఎవరికో నువ్వే వచ్చి అడుగు. విలేకర్లంటే ఇప్పటికీ మాట్లాడడు. నీ గురించి చెబితే కాసేపు ఆలోచించి, "ఫోన్ బయటికి తీయకుండా కూచుంటే రమ్మనండి" అన్నాడు. శుక్రవారం రాత్రి నారాయణాద్రికి టికెట్ చూడు, వెయిటింగ్ లిస్టు ఉంటే ముందే చెప్పు, ఇక్కడ ఎవరినైనా అడుగుతా. మీ పెద్దమ్మ ఉలవచారు చేస్తానంటోంది. ల్యాప్‌టాప్ తెచ్చుకో, కాపీ ఇక్కడే కూర్చుని రాయొచ్చు. పేజీకి పంపేముందు హెడ్డింగూ, వీడియో మీద వేసే బొమ్మా నీకు చూపించాలని మీ ఇన్‌చార్జికి ఇవాళే మెయిల్ పెట్టు. ఒప్పుకోకపోతే బైలైన్ వద్దని చెప్పు. మీ నాయనకు నేను సర్దిచెబుతా.

ఇట్లు,
మీ పెద్దనాయన