బోదకాలు మాత్రల డ్యూటీ పడిన మా అమ్మాయికి

శ్రీకాకుళం

చిట్టితల్లీ,

ఊళ్లో బోదకాలు మాత్రలు మింగించే పని నీకు అప్పజెప్పారని, జనం ఏమంటారోనని టెన్షన్‌గా ఉందని రాశావు. ముప్పై ఏళ్లు ఏఎన్ఎమ్‌గా గడప గడపా తిరిగినదాన్ని. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో చెప్తాను.

2004లో దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఈ మాత్రలు మొదలైనప్పుడు ఆటోకి మైకు కట్టి తిరిగాం, ఇంటికిన్నని లెక్కగట్టి పంచేశాం. రిజిస్టరు నిండింది. నెల తర్వాత ఒకరింట్లో మంచినీళ్లకని ఆగితే, నేనిచ్చిన పొట్లం చూరులో దోపినది దోపినట్టే ఉంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. అప్పటి నుంచి నా కళ్లెదుట మింగినవాళ్లకే టిక్కు పెట్టాను. నువ్వూ అలాగే చెయ్యి. ఊరి జనాభాలో నూటికి 65 మందైనా, అదీ ఏటా వరసగా మింగితేనే ఈ జబ్బు పాకడం ఆగుతుంది. బోదకాలు పురుగుల వల్ల వచ్చే జబ్బు. మాత్ర ముఖ్యంగా రక్తంలోని పిల్ల పురుగుల్ని చంపుతుంది. పెద్ద పురుగులు ఒంట్లో ఏళ్ల తరబడి బతుకుతాయి, అందుకే ఏటా మింగాలి.

మైకు దేనికంటే, ఫలానా రోజు వస్తున్నామని చెప్పడానికి. "నాకు జబ్బే లేదు, నేనెందుకు మింగాలి?" అంటే మైకు జవాబు చెప్పలేదు. అరుగు మీద కూర్చుని నువ్వే చెప్పాలి: పైకి బాగున్న మనిషి రక్తంలోనూ ఈ పురుగులుండొచ్చు, దోమ వాటిని ఇంకొకరికి మోసుకెళ్తుంది, కాలు వాచేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

మాత్ర మింగాక వచ్చే జ్వరం సంగతి మాత్రం దాచకు. ఒక ఏడు మేం చెప్పలేదు. నలుగురికి జ్వరం, వాంతులు వచ్చేసరికి పక్క ఊళ్లో తలుపులు వేసేసుకున్నారు. మరుసటి ఏడు ముందే చెప్పాం: ఒంట్లో పురుగులుంటే అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, తగ్గకపోతే నాకు ఫోన్ చెయ్యండి అని. ఈసారి జ్వరం వచ్చినవాళ్లే "మందు పనిచేస్తోంది" అని పక్కింటివాళ్లకు చెప్పారు. పరగడుపున ఇవ్వకు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, ఏదైనా పెద్ద జబ్బుతో మంచాన ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు.

వాచిన కాళ్ల బొమ్మలతో భయపెట్టకు తల్లీ. అలాంటి పోస్టరు చూసి, ఆ జబ్బే ఉన్న ఒక మామ్మ మీటింగులోంచి లేచి వెళ్లిపోయింది. తర్వాత ఆవిడింటికి వెళ్లి, రోజూ కాలు సబ్బుతో కడిగి వేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా తుడుచుకోవడం నేర్పాను. పుండ్లు మానాయి, మాటిమాటికీ వచ్చే జ్వరం తగ్గింది. మరుసటి ఏడు ఆ వీధివాళ్లందరినీ పిలుచుకొచ్చింది ఆ మామ్మే.

వేళ కూడా చూసుకో. బెస్తవాళ్ల పేటలో పొద్దున్నే వెళ్తే మగవాళ్లు వేటలో ఉంటారు, పడవలు ఒడ్డుకొచ్చే వేళ కనుక్కో. జీడిపప్పు ఫ్యాక్టరీలకు వెళ్లే ఆడవాళ్లు సాయంత్రమే దొరుకుతారు. చేపల వేటకని గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లినవాళ్ల పేర్లు విడిగా రాసిపెట్టుకుని, వాళ్లొచ్చాక మళ్లీ వెళ్లు.

మొదటి రోజు నీ మాత్రలు ఊరివాళ్ల ఎదుటే మింగు. సాయంత్రం ఎంతమంది మింగారో, ఎవరు వద్దన్నారో ఫోన్‌లో చెప్పు. వద్దన్న ఇళ్లకు రెండోసారి ఎలా వెళ్లాలో అప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ