ఆల్బర్టా దారులు: మూడు అడ్డనామాలు, ఒక నిలువునామం

వచ్చే నెల కాల్గరీకి వస్తున్నామని, ఫోను చూడకుండా కెనడాలోని ఈ ఆల్బర్టా రాష్ట్రంలో దారులు గుర్తుంచుకోవడం ఎలా అని అడిగారు. మనసులో మూడు అడ్డనామాలు దిద్దుకోండి. పై గీత 16వ నంబరు హైవే, నడిమిది 1, కిందిది 3. ఆ మూడింటినీ కలుపుతూ పైనుంచి కిందికి దిగే నిలువునామం 2. పై గీత మీద ఎడ్మంటన్, నడిమి గీత మీద కాల్గరీ, కింది గీత మీద ఫోర్ట్ మెక్లౌడ్. పడమటికి వెళ్తే 16 జాస్పర్‌కు, 1 బాన్ఫ్‌కు, 3 క్రోస్‌నెస్ట్ కనుమకు చేరుస్తాయి. తూర్పున 1, 3 మెడిసిన్ హాట్ దగ్గర కలిసిపోతాయి కాబట్టి నామం కాస్త వంకర!

నన్ను తికమక పెట్టింది నంబర్లు కాదు, పేర్లు. దక్షిణం నుంచి వస్తుంటే మిత్రుడొకరు "డీర్‌ఫుట్ పట్టుకో" అన్నారు. అదెప్పుడు వస్తుందా అని చూస్తూ పావుగంట దాని మీదే నడిపాను. కాల్గరీలో 2కు ఆ పేరు. ఊరు దాటి ఎడ్మంటన్ వైపు వెళ్తే అదే క్యూ ఈ టూ, 2005లో రెండో ఎలిజబెత్ రాణి (క్వీన్ ఎలిజబెత్ టూ) పేరు పెట్టారు. సుమారు 300 కిలోమీటర్లు, నడిమధ్య రెడ్ డీర్. ఎగ్జిట్ నంబర్లు కిలోమీటర్ల లెక్కలోనే ఉంటాయి, తీసివేత చేస్తే దూరం తెలుస్తుంది.

లేక్ లూయీస్ నుంచి జాస్పర్‌కు వెళ్లే 93 మీద మాత్రం ట్యాంకు నింపకుండా ఎక్కవద్దు. 232 కిలోమీటర్లు, చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, చలికాలంలో దారిలో పెట్రోలూ దొరకదు.

పొలాల మధ్య కంకర రోడ్లకూ ఒక లెక్క ఉంది. టౌన్‌షిప్ రోడ్లు తూర్పు పడమరలుగా సాగుతాయి. అమెరికా సరిహద్దు నుంచి ఉత్తరానికి వెళ్లేకొద్దీ వాటి నంబర్లు పెరుగుతాయి. రేంజ్ రోడ్లు ఉత్తర దక్షిణాలు, పడమటికి వెళ్లేకొద్దీ పెరుగుతాయి. ఒక సాయంత్రం, కాల్గరీకి ఉత్తరాన 2 మీదున్న ఎయిర్‌డ్రీ ఊరికి పడమట ఫోను ఆరిపోయింది. కారు దీపాల వెలుగులో రేంజ్ రోడ్ 20 అన్న బోర్డు కనిపించింది, మైలు దాటాక 15. "మధ్యలో నాలుగు రోడ్లు ఏమైపోయాయి?" అని మా ఆవిడ కంగారుపడింది. ఏమీ పోలేదు. రేంజ్ అంటే ఆరు మైళ్ల వెడల్పు పట్టీ, మైలుకో రోడ్డు, అందుకే చివరి అంకె 0 నుంచి 5 వరకే. అంకెలు తగ్గుతున్నాయంటే తూర్పుకే వెళ్తున్నామన్నమాట. 14, 13 అని లెక్కపెట్టుకుంటూ నాలుగైదు మైళ్లు పోయేసరికి ఎదురుగా లారీల దీపాల బారు, మన 2.