కన్యాశుల్కం నుంచి గంట నాటిక: గిరీశాన్ని వదిలి కంటెను పట్టుకోండి

ఒడిశా బరంపురంలో తెలుగువాళ్ల సభకి గురజాడ నాటకం కన్యాశుల్కంలో ఏ ముక్క వేయాలి, కట్నాల కాలంలో పెళ్లికూతురికి వెల కట్టే ఆ డబ్బు గొడవకి ఎవరైనా నవ్వుతారా అని కదా అడిగారు.

బాగా నవ్వుతారు. గిరీశం జోలికి మాత్రం పోకండి. ఎక్కడ చూసినా ఆ చుట్టా, ఆ ఇంగ్లీషే! నాటకంలో ఇంకెవరూ లేనట్టు. మాయపెళ్లి తీసుకోండి: సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మకుండా ఆపడానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుణ్ణే పెళ్లికూతుర్ని చేసి ఆయనకి కట్టబెడతాడు. కరటకశాస్త్రి శిష్యుడికి చీర కట్టే దగ్గర మొదలెట్టి, కంటె (మెడకి పెట్టుకునే గట్టి నగ) లేకుండా, పెళ్లి కుదిర్చిన రామప్పంతులు తన ఉంపుడుగత్తె మధురవాణి గుమ్మంలో నిలబడే దగ్గర ఆపండి.

సుబ్బి ఖరీదు 1800 రూపాయలంటే ఇప్పటివాళ్లకి ఆనదు. అలాగని లక్షల్లోకి మార్చి చెప్పించారో, నవ్వు ఆరిపోతుంది. జనానికి కంటికి కనపడే డబ్బు కంటె. అది మధురవాణి మెడలోంచి పంతులు చేతికి, అక్కణ్ణించి దొంగ పెళ్లికూతురి మెడకి, ఆపైన పిల్లతో సహా మాయం. టైము చాలదని చాలామంది కంటె అరువిచ్చే సీను కోసేస్తారు. అది పోతే తర్వాత పంతులు ఎంత గింజుకున్నా హాలు ఉలకదు.

కొట్లో గిల్టు గొలుసు కొనకండి, మూడో వరసకే కనపడదు. వేలు లావు ప్లాస్టిక్ గొట్టం అడుగున్నర కోసి, లోపల ఇనప తీగ దూర్చి వంచి, బంగారు రంగు కొట్టండి. వెనకవైపు తెరిచే ఉంచాలి. కొక్కెం పెడితే కుర్రాడి సవరంలో చిక్కుకుని, తీసేసరికి సీను చస్తుంది. రెండు చేయించండి, ఒకటి ఎలాగూ రిహార్సల్లో విరుగుతుంది.

ఒడియా మీడియం పిల్లలకి సంభాషణలు ఒడియా అక్షరాల్లో రాసిస్తారు కదా. ఆ లిపిలో ఎ, ఏలకి తేడా లేదు; ఒ, ఓలకీ అంతే. దీర్ఘం ఉన్నచోట పైన ఎర్రగీత పెట్టండి. ‘మధురబాణి’ అనకుండా చూసుకోండి. ఇంట్లో మాట్లాడే యాసని మాత్రం దిద్దకండి. అది విజయనగరం మాటకి దగ్గరే, కృష్ణా జిల్లా పలుకు తెచ్చిపెట్టుకుంటే వెగటు.

గురజాడ 1897 ముందుమాటలో విశాఖ జిల్లా లెక్క ఉంది: మూడేళ్లలో 1034 శుల్కం పెళ్లిళ్లు, వాటిలో ఏడాది పిల్లలు ముగ్గురు, ఆ పసివాళ్లకి తలకి 350 నుంచి 400 రూపాయలు. తెర లేవకముందు ఇది మైకులో చదివితే ఇంకెవరూ నవ్వరు. కరపత్రంలో వేయండి, ఇంటికెళ్లి చదువుకుంటారు. చివర్లో వరకట్నం మీద ఉపన్యాసం కూడా వద్దు, ఆ పని ముఖ్య అతిథి ఎలాగూ చేస్తారు.