ఫ్యాన్ ఫిక్షన్‌లో పాత్ర లైంగికత మారితే, దాని పాత ప్రేమ ఏమవ్వాలి?

మూలకథలో పురుషుణ్ణి ప్రేమించిన స్త్రీ పాత్రకు ఫ్యాన్ ఫిక్షన్‌లో, అంటే అభిమానులు ఆ పాత్రలతో సొంతంగా రాసుకునే కథల్లో, మరో స్త్రీని జతచేస్తే ఆ పాత్ర స్వభావం దెబ్బతినదా అని అడిగారు. కొత్త ప్రేమ వల్ల ఏ పాత్రా చెడిపోదు. పాత ప్రేమ అబద్ధమని రచయిత తేల్చేసినప్పుడే చెడిపోతుంది.

‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ సీరియల్‌లోని విల్లోనే చూడండి. మొదట ఓజ్ అనే కుర్రవాణ్ణి మనసారా ప్రేమించింది, అతడు ఊరు విడిచి వెళ్లాక కాలేజీలో టారా అనే అమ్మాయికి దగ్గరైంది. 2000 మేలో వచ్చిన ఎపిసోడ్‌లో, తోడేలుగా మారిపోయే ఓజ్ తనలోని ఆ తోడేలును అదుపు చేసుకోవడం నేర్చుకుని తిరిగొస్తే, విల్లో టారానే ఎంచుకుంటుంది గాని, ఓజ్‌ను వదులుకోవడానికి ఆమె ఎంత నలిగిపోయిందో ఆ ఘట్టం దాచదు. అయినా నేను చదివిన చాలా కథలు ఓజ్‌ను ఒక పొరపాటుగా కొట్టిపారేశాయి.

ఇది నాకెందుకు పట్టిందంటే, నేను ఒక అబ్బాయితో నిశ్చితార్థం దాకా వెళ్లి, అది ఆగిపోయిన కొన్నేళ్లకు ఒక అమ్మాయిని ప్రేమించాను. ఆ సంగతి మా పెద్దమ్మ కూతురికి చెప్పినప్పుడు, వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న ఆమె చెయ్యి ఆపి, “అయితే అతని కోసం అప్పుడు అంత ఏడ్చావే, అదంతా ఉత్తదేనా?” అని అడిగింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలుసుకోవాలనుకుంది. “లేదక్కా, అదీ నిజమే, ఇదీ నిజమే” అన్నాను. “రెండూ ఎలా నిజమవుతాయే?” అంది. అప్పుడు నేను చదివిన ఒక ఫ్యాన్ ఫిక్షన్ కథను ఆమెకు తెలుగులో చెప్పాను. అందులో విల్లో ఇల్లు మారుతూ పెట్టె సర్దుకుంటుంటే ఓజ్ పాత చొక్కా బయటపడుతుంది. టారా దాన్ని పారేయమనకుండా మడతపెట్టి మళ్లీ పెట్టెలోనే ఉంచుతుంది. అక్క కథంతా విని, “టారా మంచి పిల్లే” అని మళ్లీ కాయలందుకుంది.

ఆ కథ రాసినవారు విల్లోను బైసెక్సువల్ అన్నారో లెస్బియన్ అన్నారో నాకు గుర్తులేదు, గుర్తుండాల్సిన అవసరమూ కనిపించలేదు. ఇద్దరు మగవాళ్లను జతచేసే స్లాష్ కథల్లో మాత్రం నన్ను బాధపెట్టే అలవాట్లు రెండున్నాయి. ‘స్టార్ ట్రెక్’ కర్క్, స్పాక్‌ల జంటపై 1970లలో అచ్చయిన కథల కాలం నుంచీ, “నాకు మగవాళ్లపై ఇష్టం లేదు, ఇతనొక్కడి మీదే” అని పాత్రచేత చెప్పించి లైంగికత ప్రశ్నను దాటవేయడం ఒకటి. నాయకుడి పాత ప్రియురాలిని గయ్యాళిగా మార్చి, అతడు ఆమెను ఎన్నడూ ప్రేమించలేదని నిరూపించడం రెండోది. ఒక మనిషి ప్రేమను నమ్మించడానికి మరో స్త్రీని నీచంగా చూపడం నాకు అన్యాయంగా తోస్తుంది. ‘9-1-1’ సీరియల్‌లో బక్ 2024లో ఒక పురుషుణ్ణి ముద్దుపెట్టుకున్నాడు; అభిమానులు అతన్ని మగవాణ్ణి ప్రేమించేవాడిగా అంతకుముందు ఎన్నో ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఆ కథల్లో అతని పాత ప్రియురాళ్లను మనుషులుగా మిగిల్చినవాటినే నేను రెండోసారి తెరిచాను.