కౌన్సిలర్‌కు చెప్పినా కాలువలో పూడిక ఎందుకు తీయరు?

మున్సిపాలిటీలో వార్డు కౌన్సిలర్‌కు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా మురుగుకాలువ బాగుపడదెందుకన్నది ప్రశ్న. కౌన్సిలర్ సమావేశంలో ప్రశ్నించగలరు, తీర్మానానికి ఓటు వేయగలరు. పారిశుద్ధ్య సిబ్బందిని పురమాయించే అధికారం మాత్రం ప్రభుత్వం నియమించిన కమిషనర్‌దే. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొన్నప్పటికీ, వాటిని ఎంతమేరకు అప్పగించాలన్నది రాష్ట్రాలకే వదిలేయడం నా దృష్టిలో పెద్ద లోపం.

తీసిన పూడికను గట్టు మీదే వదిలేస్తే ఒక్క వానకే అది మళ్లీ కాలువలోకి జారుతుంది; కాబట్టి దాన్ని ఎత్తి తరలించాలని కూడా ఫిర్యాదులో స్పష్టంగా రాసి, కమిషనర్ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి. స్పందన లేకపోతే, ఆ పనికి ఎంత ఖర్చు చూపారో సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. సాధారణంగా 30 రోజుల్లోగా వారు జవాబివ్వవలసి ఉంటుంది.