కొయ్య కుళ్లు మీద పరిశోధనా? అని భయపడుతున్న తల్లికి

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్ వద్దంటోంది. చలి ప్రాంతాల అడవుల్లో కొయ్యను కుళ్లబెట్టే ఫంగస్‌లలో ఏది ఎక్కడ ఉంటుంది, ఎందుకు అక్కడే ఉంటుంది అన్నదాని మీద పరిశోధన చేస్తుందట. మా ఆడపడుచు "పుట్టగొడుగులు ఏరుకోవడానికి చదువెందుకు" అంది. మా అన్నయ్య బయోఇన్ఫర్మాటిక్స్ బీటెక్‌లో చేర్పించమంటున్నాడు. లేదంటే డిగ్రీ అయ్యాక అప్పు చేసైనా యూరప్ పంపమంటున్నాడు. ఏది మంచిదో పోల్చి చెప్పండి. (గాజువాక నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, పోల్చి చెబుతాను. ముందు ఒక మాట. మీ ఉత్తరంలో ఆడపడుచు ఏమందో ఉంది, అన్నయ్య ఏమన్నాడో ఉంది. అమ్మాయికి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులొచ్చాయో, ఈ ఆసక్తి ఎప్పుడు ఎలా మొదలైందో ఒక్క ముక్క లేదు. పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి తేలికైన పేరు లేదన్నదే మీ దిగులైతే, ఆ దిగులు మీది. దాని బరువు పిల్ల మీద పెట్టకండి. అదే రేపు ఉద్యోగం దొరకదేమో అన్న భయమైతే అది న్యాయమైనది, దానికి జవాబుంది.

మీ అమ్మాయి చెప్పింది కోర్సు పేరు కాదు, పీహెచ్‌డీలో వచ్చే ప్రశ్న. దానికి ఇంకా ఐదారేళ్లు ఉంది. ఇప్పుడు తేల్చాల్సింది డిగ్రీ ఒక్కటే. ఆ డిగ్రీ ఈ ప్రశ్నకొక్కదానికే పనికొచ్చేది కాకూడదు, అంతే.

ఇక ఆ ప్రశ్న ఏమిటో మీరూ తెలుసుకోవాలి, ఎందుకంటే అది నవ్వులాటకు అడిగింది కాదు. కొయ్య కుళ్లులో ముఖ్యమైనవి రెండు రకాలు. తెల్ల కుళ్లు ఫంగస్‌లు కొయ్యలో పీచుగా ఉండే సెల్యులోజ్‌తో పాటు, ఆ పీచును గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌నీ తింటాయి; మిగిలిన కొయ్య పాలిపోయి పీచులా ఊడుతుంది. గోధుమ కుళ్లు ఫంగస్‌లు సెల్యులోజ్ తిని లిగ్నిన్‌ని చాలావరకు వదిలేస్తాయి; కొయ్య గోధుమరంగుకు తిరిగి చిన్న చిన్న ఘనాలుగా పగులుతుంది, వేళ్లతో నలిపితే పొడవుతుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ, పైన్, ఫర్ లాంటి సూదిఆకు చెట్లు పెరిగేకొద్దీ గోధుమ కుళ్లు వాటా పెరుగుతుంది. వెడల్పాటి ఆకుల చెట్లలో తెల్ల కుళ్లుదే రాజ్యం. దీనికి కారణం చలా, చెట్టా? సూదిఆకు చెట్లే చలి ప్రాంతాలవి కాబట్టి రెండింటినీ విడదీయడం కష్టం. హిమాలయంలో మాత్రం ఒకే కొండవాలు మీద కొన్ని కిలోమీటర్లలోనే ఓక్, ఆపైన దేవదారు, ఇంకా పైన సిల్వర్ ఫర్ వస్తాయి. ఒకే కొండ మీద ఎత్తునూ చెట్టునూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. చలి అడవి కోసం యూరప్ దాకా వెళ్లనక్కర్లేదని దీని అర్థం.

మరో సంగతి. యూరప్‌లో పాత ఇళ్ల దూలాలను తినేసే సెర్పులా లాక్రిమాన్స్ అనే ఫంగస్ అక్కడ దాదాపు ఇళ్లలోనే కనిపిస్తుంది. అడవిలో సహజంగా బతుకుతున్నట్టు తెలిసిన కొద్ది చోట్లలో హిమాలయం ఒకటి. అది మన విశాఖ ఇళ్లలో నిలవదు. దానికి 20 డిగ్రీల చుట్టుపక్కల హాయి, 30 చేరకముందే పెరుగుదల ఆగిపోతుంది. అలాగే ఉత్తరార్ధగోళమంతా ఒకే జాతి అనుకున్న ఫోమిటాప్సిస్ పినికోలా అనే గోధుమ కుళ్లు ఫంగస్‌ను డీఎన్‌ఏతో చూస్తే, ఉత్తర అమెరికావి వేరే జాతులని తేలింది. ఏ జాతి ఎక్కడ ఉందో చూపే పాత పటాలు మళ్లీ గీయాలి. ఈ రంగంలో పని మిగిలే ఉంది.

ఇప్పుడు మీ అన్నయ్య చెప్పిన బయోఇన్ఫర్మాటిక్స్, అంటే డీఎన్‌ఏ లాంటి జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు. దీని మీద నాకు చాలా సందేహాలున్నాయి, దాచను. బీటెక్ స్థాయిలో ఆ పేరు మీద వచ్చే ఉద్యోగాలు తక్కువ. ప్రోగ్రామింగ్ కావాల్సిన చోట కంప్యూటర్ సైన్స్ వాళ్లను తీసుకుంటారు, జీవశాస్త్రం కావాల్సిన చోట ఎంఎస్సీ, పీహెచ్‌డీ అడుగుతారు. మధ్యలో మిగిలిపోయిన పిల్లలు మళ్లీ ఏదో కోచింగ్‌లో చేరతారు. పైగా మీ అమ్మాయి కోరుకున్న పనికే అది చాలదు. ఫంగస్‌లకు ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని 2012లో బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే గుర్తుగా ఒప్పుకున్నారు. డీఎన్‌ఏ చదివే మిషన్ అక్షరాల వరుస ఇస్తుంది, పేరు ఇవ్వదు. పేరు రావాలంటే డేటాబేస్‌లో పోల్చాలి, అక్కడ తప్పు పేర్లతో చేరినవీ ఉన్నాయి. ఎండబెట్టి దాచిన నమూనాను సూక్ష్మదర్శిని కింద పెట్టి "ఇది ఫలానా" అనగల మనిషి దగ్గరకే చివరికి రావాలి. కొరత ఆ మనిషికే.

పటాలదీ అదే కథ. పటంలో చుక్క ఉందంటే అక్కడ ఆ ఫంగస్ దొరికిందని ఎవరో నమోదు చేశారని. చుక్క లేని చోట లేదని కాదు, ఎవరూ వెతకలేదని. చుక్కలు రోడ్ల పక్కన, యూనివర్సిటీల చుట్టూ గుంపుగా ఉంటాయి. వాటిని 1 కిలోమీటరు గళ్ల వాతావరణ లెక్కలతో కలిపి మోడల్ నడిపిస్తే అందమైన రంగుల పటం వస్తుంది. హిమాలయంలో ఆ ఒక్క గడిలోనే ఎత్తు వందల మీటర్లు మారిపోతుంది, పటం తప్పుతుంది. ఆ తప్పు అడవి తిరిగినవాళ్లకే కనిపిస్తుంది. లెక్కలకు వాడే ఆర్, పటాలకు వాడే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. డిగ్రీ రెండో ఏడాది నుంచి రోజుకో గంట కూర్చుంటే నేర్చుకుంటుంది. ఫంగస్ తెలిసినవాళ్లు కంప్యూటర్ నేర్చుకోవడం తేలిక, కంప్యూటర్ తెలిసినవాళ్లు ఫంగస్ నేర్చుకోవడం ఏళ్ల పని.

అప్పు చేసి యూరప్ మాస్టర్స్ అనే ఆలోచన ఈ సబ్జెక్టుకు వద్దే వద్దు. మన పిల్లలకు స్వీడన్‌లో 2011 నుంచి, ఫిన్లాండ్‌లో 2017 నుంచి, నార్వేలో 2023 నుంచి ఫీజులున్నాయి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేదు కానీ, వీసాకు ఏడాదికి 11,904 యూరోలు ఖాతాలో చూపించాలి. అదే దేశాల్లో పీహెచ్‌డీ చాలావరకు జీతమిచ్చే ఉద్యోగం. ఎంఎస్సీ ఇక్కడ చేసి, చేతిలో ఒకటి రెండు మంచి ప్రచురణలతో అక్కడికి పీహెచ్‌డీకి వెళ్లడం సరైన వరస. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే మాస్టర్స్‌కే పంపండి, నెలకు 1,400 యూరోలు వాళ్లే ఇస్తారు. రాకపోతే ఇల్లు తాకట్టు పెట్టకండి.

మరి డిగ్రీ? కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌ల ప్రవేశ పరీక్ష రాయించండి; బరంపురం, తిరుపతి రెండూ మనకు దగ్గరే. సీటు రాకపోతే బోటనీ మేజర్‌తో బీఎస్సీ, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలోనో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ (ఎఫ్‌ఆర్‌ఐ)లోనో పీజీ. ఉద్యోగ భద్రతే మీకు ముఖ్యమైతే బీఎస్సీ అగ్రికల్చర్, ఆపై ప్లాంట్ పాథాలజీ (మొక్కల తెగుళ్ల శాస్త్రం) ఎంఎస్సీ. నైర కాలేజీ శ్రీకాకుళంలోనే ఉంది. ఆ దారిలో పంట తెగుళ్లు, విశాఖ పోర్టులాంటి చోట్ల మొక్కల క్వారంటైన్ (బయటి దేశాల మొక్కలు, కలపతో తెగుళ్లు రాకుండా తనిఖీ చేసే) పనులు కూడా తెరుచుకుంటాయి. ఏ దేశపు కలపలో ఏ ఫంగస్ ఉంటుందో తెలియడమే క్వారంటైన్‌కు ఆధారం, అంటే మీ అమ్మాయి ప్రశ్నే. బోటనీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు. నెట్ పరీక్షతో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. సముద్రపు నీటిలో కలప పాడవడం మీద పనిచేసిన కేంద్రం విశాఖలోనే ఉండేది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు కూడా తెల్ల కుళ్లు ఫంగస్సే. వరిగడ్డి మీద పెంచి అమ్మేవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు. భయపడాల్సినంత ఇరుకు దారి కాదమ్మా ఇది.

ఆసక్తి నిజమో కాదో తేల్చడానికి ఒక వానాకాలం చాలు. జులై నుంచి అక్టోబరు దాకా పది చోట్లు ఎంచుకోమనండి: నిద్రగన్నేరు మోళ్లు, తురాయి చెట్లు, సరుగుడు తోట అంచు, కలప అడితి. పదిహేను రోజులకోసారి అవే చోట్లకు వెళ్లాలి. కంబాలకొండ అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏదీ కొయ్యకూడదు, ఫొటోలు చాలు. ప్రతి నమూనాకూ చెట్టు పేరు, తేదీ, జీపీఎస్, కొయ్య ఎంత మెత్తబడిందో (కత్తి మొన ఎంత దిగిందో), పైభాగం ఒక ఫొటో, అడుగున రంధ్రాల భాగం ఒక ఫొటో. అడుగుభాగం ఫొటో లేకపోతే ఎవరూ గుర్తుపట్టలేరు, కొత్తవాళ్లందరూ ఇక్కడే తప్పుతారు. నమూనాను కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్‌లో సాయంత్రానికే చెమర్చి బూజు పడుతుంది. ఆరబెట్టేటప్పుడు వేడి 40 డిగ్రీలు దాటనివ్వద్దు, ఎక్కువైతే డీఎన్‌ఏ పాడవుతుంది. నారింజ ఎరుపులో పలచగా ఉన్నది దొరికితే అది బహుశా పిక్నోపోరస్ సాంగ్వినియస్, వేడి ప్రాంతాలది. దాని దాయాది సిన్నబారినస్ చలి అడవులది. ఆ తేడా ఎందుకో అడిగి చూడండి, అమ్మాయి గంటసేపు చెబుతుంది.

అక్టోబరుకల్లా 40 నమూనాలు, చీటీలతో సహా, డబ్బాలో వరుసగా ఉంటే ఇక వాదించకండి. ఆగస్టులోనే ఆపేస్తే గొడవ లేకుండా అగ్రికల్చర్ దారి పట్టించండి. ఆ తర్వాత కూడా తలుపులు మూసుకోవు. అడవుల్లో ఒంటరిగా తిరుగుతుందేమో అన్నది మీ మనసులోని మరో భయం. పరిశోధనలో అటవీశాఖ అనుమతితో, గార్డు తోడుతో, జట్టుగానే వెళతారు. ఈ వానాకాలానికి మాత్రం తోడు మీరే వెళ్లండి. చేతి లెన్స్ 10 రెట్లది కొనండి, 20 రెట్లది వద్దు; చేయి కాస్త కదిలినా ఏమీ కనిపించదు.